వేసవి విద్యా శిబిరం – మేము నేర్చిన పాఠాలు

విద్యార్థి జీవితంలో వేసవి సెలవులకు ఒక విశిష్టమైన స్థానం ఉన్నది. పరీక్షల భారం దిగిపోయిన మనస్సుకు ఆ నెలన్నర కాలం ఎంతో హాయిని కలిగిస్తుంది. అమ్మమ్మగారి ఊరు, మామిడిపండ్లు, చెరువులో ఈతలు, మిద్దెమీద పడకలు – ఇవన్నీ మనలో చాలామందికి మధుర స్మృతులు. అయితే సెలవులు అందరి ఇండ్లకూ ఒకే విధంగా రావన్న సత్యాన్ని మనం సాధారణంగా గమనించము. కలిగిన ఇంటి బిడ్డ సెలవుల్లో కోచింగు కేంద్రానికి పోతాడు. లేని ఇంటి బిడ్డ ఏదో ఒక దుకాణంలో పనికి కుదురుతాడు. ఆడపిల్ల అయితే ఇంటి పనిలో తల్లికి తోడవుతుంది. జూన్ మాసంలో ఈ ముగ్గురూ ఒకే తరగతి గదిలో, ఒకే బెంచిమీద కూర్చుంటారు. కాని అప్పటికే వారి మధ్య దూరం పెరిగిపోయి ఉంటుంది. ఈ దూరాన్ని తగ్గించే బాధ్యత పాఠశాలదేనా, కళాశాలకు కూడా అందులో భాగం ఉన్నదా అన్నదే ఈ వ్యాసంలో మేము చర్చింపదలచిన విషయం.

ఇక్కడ 'మేము' అనగా బి.యస్సీ. చదువుతున్న అయిదుగురు విద్యార్థులము. మాలో ముగ్గురు ఉర్దూ మాధ్యమంలోను, ఇద్దరు తెలుగు మాధ్యమంలోను పాఠశాల విద్య ముగించి వచ్చినవారు. 2024 మే మాసంలో మన కళాశాల ఉన్నత పాఠశాల విద్యార్థుల కొరకు నడిపిన మూడు వారాల వేసవి విద్యా శిబిరంలో మేము సహాయకులుగా పనిచేసినాము. ఆ అనుభవాన్ని దాపరికం లేకుండా పాఠకుల ముందు ఉంచడం మా ఉద్దేశము. మా తప్పులను కూడా చెప్పబోతున్నాము గనుక పెద్దలు మన్నించగలరని ఆశిస్తున్నాము.

కళాశాల ద్వారాలను వేసవిలో ఇతరుల కొరకు తెరచి ఉంచవలెనన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో వేసవి తరగతులు 1871లోనే ఆరంభమైనవి. 1957లో ఆర్నాల్డ్ రాస్ అను గణితశాస్త్ర ఆచార్యుడు నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు వేసవిలో సంఖ్యా సిద్ధాంతాన్ని బోధించడం ప్రారంభించినాడు. 1964లో ఆ శిబిరం ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి తరలినది. సరళమైన విషయాలను గురించి లోతుగా ఆలోచింపజేయడమే ఆయన లక్ష్యము. సూత్రాలను కంఠస్థం చేయించడం కాక, విద్యార్థి తానే పరిశీలించి, తానే ఊహించి, తానే నిరూపించునట్లు చేయడం ఆయన పద్ధతి. అదే 1957 అక్టోబరు 4న సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపినది. ఆ తరువాత అమెరికా ప్రభుత్వం విజ్ఞానశాస్త్ర బోధనకు ధనాన్ని ధారాళంగా వెచ్చించగా, ఇటువంటి శిబిరాలు అనేక కళాశాలలకు వ్యాపించినవి.

మన దేశం కూడా ఈ విషయంలో వెనుకబడి ఉండలేదు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1963లో జాతీయ విజ్ఞాన ప్రతిభాన్వేషణ పథకాన్ని ప్రారంభించినది. దానిలో ఎంపికైన విద్యార్థులకు విద్యార్థి వేతనంతో పాటు వేసవి పాఠశాలలు కూడా ఏర్పాటు చేయబడినవి. 2019 నుండి ఇస్రో సంస్థ 'యువిక' అను పేరుతో తొమ్మిదవ తరగతి విద్యార్థులను వేసవిలో తన కేంద్రాలకు రప్పించి శాస్త్రవేత్తలతో మాట్లాడే అవకాశం కల్పించినది. ఇవన్నీ ప్రశంసనీయమైన ప్రయత్నాలే. కాని వీటన్నింటిలోను ముందు ఎంపిక, తరువాత ప్రవేశము. అప్పటికే ముందున్నవాడు మరింత ముందుకు పోతాడు. ఎంపిక పరీక్ష ఉన్నదన్న వార్త కూడా చేరని గల్లీలోని పిల్లవానికి ఏది మార్గము? మన శిబిరానికి ప్రవేశ పరీక్ష పెట్టరాదని మా ఆచార్యులు నిర్ణయించడానికి ఇదే కారణము. తొమ్మిదవ తరగతి ముగించి పదవ తరగతికి పోనున్న ఎవరైనా రావచ్చును. ఉర్దూ మాధ్యమం గాని, తెలుగు మాధ్యమం గాని, ఇంగ్లీషు మాధ్యమం గాని అడ్డు లేదు. రుసుము లేదు.

మే 6వ తేదీ సోమవారం నాడు యాభై ఎనిమిది మంది వచ్చినారు. మా సంతోషానికి అవధులు లేవు. నాలుగవ రోజున లెక్కించగా ముప్పది ఒకరు మాత్రమే మిగిలినారు.

కారణం ఎండలు కావు. కారణము మేమే. మాకు పాఠం చెప్పే అవకాశం రావడంతో మేము మా అధ్యాపకులను అనుకరించబోయినాము. అనుకరించినది కూడా వారి మంచి గుణాలను కాదు. నల్లబల్లమీద ఇంగ్లీషులో నిర్వచనాలు వ్రాసి, వాటిని ఎక్కించుకొమ్మన్నాము. ఆమ్లములు, క్షారములు అను పాఠాన్ని ఒకరొకరుగా నిలబడి ఇంగ్లీషు పుస్తకం నుండి బిగ్గరగా చదువుమన్నాము. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన ఒక బాలుడు మొదటి వాక్యంలోనే మూడు మార్లు తడబడినాడు. వెనుక బెంచీలలో నవ్వు లేచినది. మాలో ఒకరము కూడా నవ్వినాము. ఆ బాలుడు పుస్తకం మూసి కూర్చున్నాడు. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

మాలో ముగ్గురము సరిగ్గా అటువంటి బెంచీమీద నుండి లేచి వచ్చినవారమే. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు తరగతిలో మా పేరు పిలుస్తారేమోనని గుండె దడదడలాడిన రోజులు మాకు ఇంకా జ్ఞాపకమే. అయినను నవ్వినాము. దాటి వచ్చిన బాధను మనిషి ఎంత త్వరగా మరచిపోతాడో ఆనాడు మాకు తెలిసినది.

మే 13న లోకసభ ఎన్నికల పోలింగు ఉండినందున శిబిరానికి రెండు రోజులు సెలవు ఇచ్చినారు. 12వ తేదీ ఆదివారం నాడు మేము ఆ బాలుని వెదకుచు పాతబస్తీకి పోయినాము. ఇల్లు ఒకే గది. తల్లి మమ్ములను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, "వాడు దుకాణంలో ఉన్నాడు బేటా, కూలర్ల సీజను కదా" అన్నది. దుకాణము రెండు గల్లీల అవతల ఉన్నది. అది ఎయిర్ కూలర్లు మరమ్మతు చేసే చోటు. ఆ బాలుడు ఒక పాత కూలరు విప్పి దాని పక్క జాలీలోని గడ్డిని పీకి పారవేస్తున్నాడు. మమ్ములను చూచి లేచి నిలబడినాడు గాని మాట్లాడలేదు. మాలో నవ్విన వ్యక్తియే ముందుకు వచ్చి క్షమాపణ చెప్పినాడు.

బాలుడు తల వంచుకొని, "అదేమీ లేదు భాయ్. అక్కడ నాకు తెలిసింది ఒక్కటీ అడగలేదు" అన్నాడు.

మేము ఏమి జవాబు చెప్పగలము? చేసేది లేక, "నీకు ఏమి తెలుసు?" అని అడిగినాము. ఆ ప్రశ్న ఎంత మొరటుగా ఉన్నదో అడిగిన తరువాత గాని తెలియలేదు. కాని అతడు దానిని తప్పుగా తీసుకొనలేదు. చేతిలోని గడ్డిని చూపించినాడు. దానిమీద సున్నం పూసినట్లు తెల్లని పొర గట్టిగా పేరుకొని ఉన్నది. ఏ గల్లీలోని కూలరుకు ఈ పొర ఒక్క వేసవిలోనే పడుతుందో, ఏ గల్లీలో రెండు మూడు వేసవులు పడదో అతడు గడగడ చెప్పినాడు. బోరు నీళ్ళు పోసే ఇండ్లలో పొర దట్టమట. నల్లా నీళ్ళు పోసే ఇండ్లలో పలుచనట. తేజాబు చుక్క వేస్తే ఆ పొర 'బుస్సు' మని నురగ కట్టి కరిగిపోతుందట. మోటారుకు తగలకుండా ఎట్లా వేయవలెనో కూడా చూపించినాడు.

మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. మూడు రోజులుగా నల్లబల్లమీద మేము వ్రాసినదంతా అతని చేతిలోనే ఉన్నది. ఆ పొరలో ముఖ్యభాగము కాల్షియం కార్బనేటు. ఆ నురగ బొగ్గుపులుసు వాయువు. 'తేజాబు' అనగా ఉర్దూ పాఠ్యపుస్తకంలోని 'తుర్షా' యే, తెలుగు పుస్తకంలోని 'ఆమ్లమే', ఇంగ్లీషు పుస్తకంలోని 'ఆసిడ్' యే. అతనికి వస్తువు తెలుసు, పేరు తెలియదు. మాకు పేరు తెలుసు, వస్తువు తెలియదు.

14వ తేదీ నుండి శిబిరం తీరు మారినది. ఆచార్యుల అనుమతితో మేము పుస్తకాలను పక్కన పెట్టి, ప్రతి విద్యార్థినీ తన ఇంటి నుండి ఒక సీసా నీళ్ళు తెమ్మన్నాము. సీసామీద గల్లీ పేరు, నీరు నల్లాదా, బోరుదా అని వ్రాయమన్నాము. కొందరు తల్లులను అడిగి, ఆ నీటితో పప్పు త్వరగా ఉడుకుతుందా లేదా, సబ్బు నురుగు వస్తుందా లేదా అని కూడా వ్రాసి తెచ్చినారు. కఠిన జలమును గుర్తించుటకు ఇంతకన్న పాత పరీక్షలు లేవు. మన తల్లులు ఆ పరీక్షలు దినదినమూ చేస్తూనే ఉన్నారు.

ప్రయోగశాలలో ప్రతి సీసా నుండి 50 మిల్లీలీటర్ల నీటిని కొలిచి, అమ్మోనియా బఫరు కలిపి, సూచిక చిటికెడు వేయగా నీరు ద్రాక్షపండు ఎరుపునకు తిరిగినది. పైన బ్యూరెట్టు నుండి ఇ.డి.టి.ఏ. ద్రావణము చుక్క చుక్కగా జారగా, ఒక చుక్క వద్ద ఎరుపు పోయి నీలము వచ్చినది. 0.01 మోలార్ ద్రావణము ఎన్ని మిల్లీలీటర్లు పట్టినదో ఆ సంఖ్యను ఇరవై చేత గుణిస్తే లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల కాఠిన్యము ఉన్నదో తెలుస్తుంది. ఒక ఇంటి నల్లా నీటికి 7 మిల్లీలీటర్లు పట్టినది. కాఠిన్యము 140. కూలర్ల బాలుడు 'దట్టమైన పొర' అని చెప్పిన గల్లీ బోరు నీటికి 32 మిల్లీలీటర్లు పట్టినది. కాఠిన్యము 640. త్రాగు నీటికి భారతీయ ప్రమాణము 200. వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకు ఓర్చుకొనవచ్చును. 640 అన్న అంకెను నల్లబల్లమీద వ్రాసినప్పుడు గదిలో నిశ్శబ్దము. అది పుస్తకం వెనుక ఉండే జవాబు కాదు, వారి ఇంటి బిందెలోని నీరు.

ఆ బాలుడు తిరిగి వచ్చినాడా అని పాఠకులు అడుగవచ్చును. వచ్చినాడు, కాని ప్రతిదినమూ కాదు. పనికి పోకుంటే ఆనాటి కూలి పోతుంది. దుకాణం యజమాని అంగీకరించిన మేరకు ఉదయం రెండు గంటలు వచ్చి పోయేవాడు. గోడమీద మేము అంటించిన పటంలో ఏ గల్లీ ఎక్కడ ఉన్నదో, తరువాత ఏ నీటిని పరీక్షింపవలెనో అతడే చెప్పేవాడు. అతని అంచనాలు అన్నీ నిజము కాలేదు. రెండు చోట్ల పొర దట్టముగా ఉన్నను నల్లా నీటి కాఠిన్యము తక్కువగానే వచ్చినది. ఆ రెండు ఇండ్లలోను కూలరుకు బోరు నీరు, త్రాగుటకు నల్లా నీరు వాడుతున్నారని, సీసాలో వచ్చినది త్రాగే నీరని విచారించగా తెలిసినది. అంచనా తప్పినప్పుడు సిగ్గుపడక కారణం వెదకవలెనన్న పాఠము ఆనాడు మాకంటె అతనికే ముందు బోధపడినది.

మరొక సంగతి చెప్పవలసి ఉన్నది. ఎరుపు నీలముగా ఎందుకు మారుతుందో మాకు పరీక్షలో వ్రాయుటకు తెలుసు. పదునాలుగేండ్ల పిల్లలకు చెప్పుటకు తెలియదు. కాల్షియం, మెగ్నీషియం అయానులు మొదట సూచికతో కలిసి ఎర్రని సంశ్లిష్టమును ఏర్పరుస్తాయని, ఇ.డి.టి.ఏ. వాటిని మరింత గట్టిగా బంధించి లాగుకొనగా ఒంటరి అయిన సూచిక నీలముగా కనిపిస్తుందని మేము రెండు మార్లు వివరించినాము. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు ఒక బాలిక నెమ్మదిగా లేచి, "అనగా బాజీ, ఖాలా ఒడిలో పాప ఉన్నది. అమ్మీ రాగానే పాప అమ్మీ చంకకు పోయింది. ఖాలా చేతులు ఖాళీ. అందుకే ఖాలా రంగు మారింది. అంతేనా?" అని అడిగినది. అంతే. మూడేండ్ల డిగ్రీ చదువులో ఆ ప్రయోగము మాకు అంత స్పష్టముగా ఏనాడూ అర్థము కాలేదు.

ఆ బాలిక తల్లి మొదటి వారమంతా కళాశాల ద్వారము వద్ద వేపచెట్టు క్రింద కూర్చునేది. ఒంటరిగా పంపుటకు ఆమెకు మనస్సు ఒప్పలేదు. తిరిగి ఇంటికి పోయి రావడానికి బస్సు ఖర్చు భారము. రెండవ వారములో ఎండ ముదిరినందున మా ఆచార్యులు ఆమెను లోపలికి పిలిచి ప్రయోగశాల చివర కుర్చీ వేయించినారు. చివరి రోజున ఆమె సంచి నుండి ఒక సీసా తీసి, "మా పక్కింటి వాళ్ళ నీళ్ళు. నేను కూడా ఒకసారి నీలం చేయవచ్చునా?" అని అడిగినది. అయిదవ తరగతితో చదువు ఆగిన ఆమె చేయి బ్యూరెట్టు వద్ద వణకలేదు. సరిగ్గా రంగు మారిన చుక్కవద్ద ఆపినది. మాలో చాలామంది మొదటి సంవత్సరంలో రెండు మూడు మిల్లీలీటర్లు దాటించినవారమే.

భాష విషయము ఇంకొక మాట. హైదరాబాదు నగరములో ఈ సమస్య కొత్తది కాదు. దానికి సమాధానము వెదికిన చరిత్ర కూడా ఈ నగరానికే ఉన్నది. ఉన్నత విద్యను దేశభాషలో అందింపవలెనన్న ఆశయముతో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో స్థాపింపబడినది. దానికి ముందుగా 1917లోనే 'దారుత్తర్జుమా' అను అనువాద శాఖను నెలకొల్పి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినారు. 1948లో విశ్వవిద్యాలయము ఇంగ్లీషు మాధ్యమమునకు మారినది. తెలుగులో కళాశాల పాఠ్యగ్రంథాల కొరకు 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. రెండు భాషలలోను పండితులు ఎంతో శ్రమించి పారిభాషిక పదములను కూర్చినారు. ఆ శ్రమ ఫలము మన గ్రంథాలయములో పక్క పక్కనే రెండు బీరువాలలో ఉన్నది. ఆ రెండు బీరువాలను ఒకేసారి తెరచినవారిని మేము అంతకు ముందు చూడలేదు.

శిబిరములో ఆ పని జరిగినది. గోడమీద మూడు నిలువు గళ్ళ పట్టిక వేసి, ప్రతిదినమూ పది పదములను ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు భాషలలో పిల్లల చేతనే వ్రాయించినాము. ఉర్దూ పిల్లలు 'ముసల్లస్' అన్నారు, తెలుగు పిల్లలు 'త్రిభుజము' అన్నారు. రెండింటిలోను మూడు అన్న అర్థము దాగి ఉన్నదని తెలిసి రెండు వైపుల వారూ సంతోషించినారు. ఉర్దూలోని 'అసాస్' తెలుగులో 'క్షారము' అయినది. 'జియాయీ తాలీఫ్' పక్కన 'కిరణజన్య సంయోగక్రియ' వచ్చి నిలిచినది. ఒకనాడు సున్న వంతు వచ్చినది. సంస్కృత 'శూన్యము' అరబ్బీలో 'సిఫ్ర్' అయి, అక్కడినుండి ఐరోపాకు పోయి 'జీరో' అయినదని ఆచార్యులు వివరించినారు. తొమ్మిదవ శతాబ్దములో బాగ్దాదులోని అల్ ఖ్వారిజ్మీ భారతీయ సంఖ్యలను గురించి వ్రాసినాడని, బీజగణితమునకు 'అల్‌జీబ్రా' అన్న పేరు ఆయన గ్రంథనామము నుండియే వచ్చినదని చెప్పినారు. ఆ సాయంకాలము ఒక తెలుగు పిల్లవాడు ఉర్దూ అక్షరాలలో తన పేరు వ్రాయించుకొని పోయినాడు. మరునాడు ఇద్దరు ఉర్దూ పిల్లలు తెలుగులో తమ పేర్లు వ్రాయించుకొన్నారు. ఏ ఉపన్యాసమూ సాధింపలేని పని ఆ పట్టిక సాధించినది.

చివరి వారములో ఒక ఉదయము విద్యార్థులను ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు వద్దకు తీసుకొనిపోయినాము. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివేసినప్పుడు నూట యాభై మంది ప్రాణాలను నిలిపిన చెట్టుగా అది ప్రసిద్ధము. ఆ వరద తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి మూసీ, ఈసీ నదులమీద జలాశయములు కట్టవలెనని సూచించినారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినవి. నగరమును వరద నుండి కాపాడుటకు కట్టిన చెరువులే దప్పిక తీర్చే చెరువులు కూడా అయినవి. నేడు మంజీర, కృష్ణ, గోదావరి జలాలు కూడా నగరానికి వస్తున్నవి. మన నల్లాలో నీరు ఎక్కడినుండి వస్తుందో, అది బోరు నీటికన్న ఎందుకు మెత్తనో పిల్లలకు ఆ చెట్టు క్రింద బోధపడినది. రసాయన శాస్త్రము, చరిత్ర, భూగోళము వేరు వేరు పుస్తకాలన్న భ్రమ మాకు కూడా అక్కడనే తొలగినది.

మే 25న శిబిరము ముగిసినది. చివరి నాటికి ముప్పది ఆరుగురు ఉన్నారు. వెళ్ళిపోయినవారిలో అయిదుగురు తిరిగి వచ్చినారు. తక్కినవారు రాలేదు. వారందరి ఇండ్లకూ మేము పోలేదన్నది మా మనస్సులో ముల్లువలె ఉన్నది.

2025 వేసవిలో శిబిరము జరుగలేదు. నిధుల కొరత, ప్రయోగశాల మరమ్మతులు కారణములని విన్నాము. అంతకు ముందు జరిగిన సమీక్షా సమావేశములో ఒక పెద్దలు, "ఈ శిబిరము వలన మన జూనియర్ కళాశాలకు ఎన్ని ప్రవేశములు వచ్చినవి?" అని ప్రశ్నించినారట. అది న్యాయమైన ప్రశ్న. కళాశాలను నడుపువారికి జమాఖర్చులు చూడక తప్పదు. జవాబు కూడా నిజాయితీగా చెప్పవలెను. ముప్పది ఆరుగురిలో మన వద్దకు వచ్చినవారు నలుగురు.

కూలర్ల బాలుడు మన వద్దకు రాలేదు. పదవ తరగతి ఉత్తీర్ణుడై ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరినాడు. ఆ వార్త విన్ననాడు మాకు మొదట నిరాశ కలిగినది. అతడు బి.యస్సీ. చదువుతాడని, ఏనాటికైనా మా ప్రయోగశాలలోనే నిలబడతాడని మేము కలలు కన్నాము. అతడే మమ్ములను ఓదార్చినాడు. "ప్రవేశానికి ఫారం నింపేటప్పుడు అక్కడి సార్ ఏదో ఇంగ్లీషులో అడిగినాడు భాయ్. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అని అడిగినాను" అన్నాడు. మూసుకొన్న పుస్తకము మరల తెరచుకొన్నదని మాకు అప్పుడు తెలిసినది. ఆ బాలిక తన ఇంటికి దగ్గరగా ఉన్న మరొక కళాశాలలో బై.పి.సి. చదువుతున్నది. పదవ తరగతితో చదువు మాన్పించవలెనని అనుకొన్న తండ్రిని ఒప్పించినది తల్లియేనట. ఈ రెండింటినీ మన ప్రవేశముల పుస్తకములో ఏ పద్దు క్రింద వ్రాయవలెను? అల్పసంఖ్యాక వర్గాల విద్యాభివృద్ధి కొరకు స్థాపింపబడిన సంస్థకు అది నష్టము పద్దు మాత్రము కాదని మా వినమ్ర విశ్వాసము.

ఇక లాభము పొందినది పిల్లలు మాత్రమే కాదు. బోధింపబోయి మేము నేర్చుకొన్నాము. ఆ మూడు వారాల తరువాత మాలో ఇద్దరము ఉపాధ్యాయ వృత్తిని చేపట్టవలెనని నిశ్చయించుకొన్నాము. వేసవిలో తాళము వేసి ఉండే ప్రయోగశాల, కదలని పంకాలు, బూజు పట్టే పుస్తకాలు – వీటికి మూడు వారాల పాటు ప్రాణము వచ్చినది. కళాశాల ఆస్తి తరుగలేదు. పగిలినవి రెండు బీకర్లు, ఒక పిపెట్టు మాత్రమే. వాటిలో ఒక బీకరు పగులగొట్టినది కూడా మేమే.

రానున్న వేసవిలో శిబిరమును పునరుద్ధరింపవలెనని కళాశాల కమిటీ పెద్దలను వినయపూర్వకముగా అర్థిస్తూ, అనుభవముతో తోచిన కొన్ని సూచనలను మనవి చేస్తున్నాము. మొదటిది, ప్రవేశ పరీక్ష ఎప్పుడూ పెట్టరాదు. రెండవది, సహాయకులైన డిగ్రీ విద్యార్థులకు ముందు ఒక వారము శిక్షణ ఇవ్వవలెను. మా వంటివారిని సిద్ధము చేయకుండా పిల్లల ముందు నిలబెట్టినందువలననే మొదటి వారము వ్యర్థమైనది. మూడవది, పనికి పోయే పిల్లల కొరకు ఉదయము ఏడు నుండి తొమ్మిది వరకు ఒక ప్రత్యేక తరగతి ఉండవలెను. వీలైతే వారికి ఆనాటి కూలిలో కొంత భాగమైనను విద్యార్థి వేతనముగా ఇవ్వవలెను. నాలుగవది, బస్సు ఖర్చు, మధ్యాహ్న భోజనము కళాశాలయే భరింపవలెను. రసాయనములకు అయిన ఖర్చు స్వల్పము. అసలు ఖర్చు ఇదియే. అయిదవది, తల్లులకు లోపల కుర్చీ వేయవలెను. ఆరవది, మూడు భాషల పదపట్టికను ప్రతి సంవత్సరమూ పెంచుచు, చివరకు చిన్న పుస్తకముగా ముద్రింపవలెను. పూర్వ విద్యార్థులు తలా ఒక చేయి వేస్తే ఈ భారము మోయలేనిది కాదు.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎందరో ఈ వేసవిలో ఏదో ఒక విధముగా కాలము గడుపవలెనని ఆలోచిస్తూ ఉంటారు. శిబిరము జరిగినచో ముందుకు రండి. జరుగకపోయినను మీ గల్లీలో పదవ తరగతికి పోబోయే ఒక్క పిల్లవానిని మీ వద్ద కూర్చోబెట్టుకొనండి. అయితే పాఠము చెప్పుటకు ముందు ఒక ప్రశ్న అడుగుట మరువవద్దు: "తమ్ముడూ, నీకు తెలిసినది ముందు నాకు చెప్పు." ఆ ప్రశ్న అడుగుటకు మాకు ఒక వారము పట్టినది, ఇరవై ఏడుగురు పిల్లలు వెళ్ళిపోవలసి వచ్చినది. మీకు అంత కాలము పట్టకూడదనియే ఈ నాలుగు మాటలు వ్రాసినాము.

మూడు వారముల పాటు మా పొరపాట్లను సహించి మమ్ములను తీర్చిదిద్దిన ఆచార్యులకు, చల్లని మంచినీటి కుండను ఏనాడూ ఖాళీ కానివ్వని మన అటెండరు చాచాకు, మమ్ములను 'భాయ్' అని, 'అన్నా' అని, 'బాజీ' అని, 'అక్కా' అని పిలిచిన ఆ చిన్నారులకు మా హృదయపూర్వక కృతజ్ఞతలు.